పాత ప్రతులు చదివే కండక్టర్ కావాలంటే

కీబోర్డో వయొలినో నమ్ముకుని, సినిమా అవకాశాల కోసం హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకున్నవారిలో స్టాఫ్ నొటేషన్ చూసి వాయించగలిగేవారూ ఉన్నారు. వారికి సినిమాతోపాటు మరో దారి ఉంది. అది ప్రాచీన సంగీతంలో నిపుణత ఉన్న ఆర్కెస్ట్రా కండక్టర్ వృత్తి. ముందే చెప్పాలి, ఈ పని ఎక్కువగా యూరప్‌లోనే దొరుకుతుంది.

ఇక్కడ ప్రాచీన సంగీతమంటే స్థూలంగా 1750కి ముందటి పాశ్చాత్య సంగీతం: మాంటెవెర్డి, హ్యాండెల్, బాఖ్. అప్పట్లో బృందాన్ని తరచూ హార్ప్సికార్డ్ అనే పాత కీబోర్డు వాద్యం దగ్గర కూర్చునో, వయొలిన్ వాయిస్తూనో నడిపేవారు. అందుకే ముందు ఒక వాద్యం మీద గట్టి పట్టు ఉండాలి. అసలు శ్రమంతా రిహార్సల్‌కు ముందే. చేతిరాత ప్రతులను, తొలి ముద్రణలను పోల్చి చూడాలి. వేగం, గమకాల వంటి అలంకారాలు రాయని చోట ఆనాటి శాస్త్రగ్రంథాలు చదివి నిర్ణయించుకోవాలి. శ్రుతి కూడా వేరే: నేటి ప్రమాణం 440 హెర్ట్జ్ అయితే, బరోక్ బృందాలు ఎక్కువగా 415కి కలుపుకుంటాయి.

ఇలాంటి పని మనకూ తెలిసిందే. తాళ్లపాక కవుల కీర్తనలున్న రాగిరేకుల్లో రాగం పేరుంది, స్వరలిపి లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు ఆ కీర్తనలను స్వరపరచి మనకిచ్చారు. యూరప్ ప్రతుల్లో స్వరాలుంటాయి గానీ, వాటిని పలికించే తీరు చాలావరకు ఉండదు. పాత పాఠం ముందు వినయం అలవడినవారికే ఈ వృత్తి నప్పుతుంది.

సంపాదన మాటకొస్తే, ఈ రంగంలో పేరుపొందిన కండక్టర్ నికొలాస్ హార్నన్‌కోర్ట్ జీవితం చూడండి. వియన్నా సింఫనీలో సెల్లో వాయిస్తూనే 1953లో కాన్‌సెంటస్ మ్యూజికస్ బృందాన్ని స్థాపించారు. తొలి బహిరంగ కచేరీ 1957లో జరిగింది. 1969 వరకు సెల్లో ఉద్యోగం మానలేదు. మీరూ రికార్డింగ్ కాల్‌షీట్లు వదులుకోకండి. ఇంటి అద్దె వాటితోనే కట్టాలి.

చదువుకు చెన్నైలోని కేఎం కన్జర్వేటరీ, ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు పునాది వేస్తాయి. ఆపైన 1933లో మొదలైన బాసెల్ స్కోలా కాంటోరమ్, హేగ్ రాయల్ కన్జర్వేటరీ ఉన్నాయి. ప్రవేశం ఆడిషన్‌తోనే. జర్మన్ గానీ ఇటాలియన్ గానీ ఇప్పుడే మొదలుపెట్టండి.

సికింద్రాబాద్ చర్చిల్లో గాయకబృందాలున్నాయి, వెళ్లి చేరండి. బాఖ్ కోరల్స్ (నాలుగు గొంతుల చర్చి గీతాలు) ప్రతులు ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నాలుగు గొంతులను కూడగట్టి, ఒక్కటి పూర్తిగా పాడించి చూడండి.