నీడ ఎటు పడుతోంది?

ఇంటర్ పూర్తిచేసిన ఒక కుర్రాడు తాను చార్మినార్ మీదుగా ఎగురుతున్నట్టు ఫొటో తయారుచేసి తెచ్చాడు. కటింగ్ శుభ్రంగా ఉంది. ఒంటి చుట్టూ మంటలు కూడా పెట్టాడు. అయినా గోడకు అంటించిన స్టిక్కర్‌లాగే ఉంది. లోపం ఎక్కడుందో అతనికి అంతుపట్టలేదు. "చార్మినార్‌కు ఎండ ఎటునుంచి తగులుతోంది? నీ ముఖానికి ఎటునుంచి?" అని అడిగాను. కాసేపు చూసి, "ఎదురెదురుగా ఉన్నాయి సార్" అన్నాడు. మంటల ఎరుపు తన చొక్కా మీద ఎక్కడా పడలేదన్న సంగతి ఆ తర్వాత తనే కనిపెట్టాడు. తన బొమ్మను కుడిఎడమలు తిప్పి, చొక్కా అంచుకు నారింజ రంగు అద్దేసరికి మనిషి నిజంగానే గాల్లోకి లేచాడు. అరగంట పని.

స్పెషల్ ఎఫెక్ట్స్ నేర్చుకోవాలని వచ్చేవాళ్లలో చాలామంది మొదట ఫిల్టర్ల పేర్లు అడుగుతారు. ఫిల్టర్లు వారంలో వచ్చేస్తాయి. వెలుగును చూడటం రావడానికే నెలలు పడుతుంది. 'మాయాబజార్'లో వెన్నెల మనల్ని ఇప్పటికీ నమ్మిస్తోందంటే, 1957లో కంప్యూటర్ అన్నదే లేకుండా కెమెరామన్ మార్కస్ బార్ట్లేకు వెలుగు మీద ఉన్న పట్టే కారణం.

ఇంట్లోనే మొదలుపెట్టండి. కిటికీ పక్కన బల్ల మీద ఒక కోడిగుడ్డు పెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫొటో తీయండి. గుడ్డు బల్లను తాకే చోట నీడ నల్లగా, గట్టిగా ఉంటుంది. దూరం జరిగేకొద్దీ పలచబడి, అంచులు మెత్తబడతాయి. ఫొటోషాప్‌లో నీడ వేసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, మొత్తం నీడను ఒకే నలుపుతో నింపేస్తారు. గుడ్డు తర్వాత స్టీలు చెంబు పెట్టండి. దాన్ని కత్తిరించి సముద్రం ఒడ్డున పెట్టి చూస్తే, చెంబు మీద మీ వంటిల్లే మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపులో ఇసుకను, ఆకాశాన్ని తెప్పించగలిగిన రోజున మీరు చాలా దూరం వచ్చినట్టు.

పనిముట్ల సంగతి. ఎరేజర్‌తో చెరిపేయకండి, మాస్క్ వాడండి. చెరిపింది తిరిగి రాదు, మాస్క్‌తో దాచింది ఎప్పుడైనా వెనక్కి వస్తుంది. నీడల లేయర్‌ను మల్టిప్లై అనే బ్లెండింగ్ మోడ్‌లో పెట్టండి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తీసిన మంటలు, నిప్పురవ్వలను స్క్రీన్ మోడ్‌లో పెడితే నలుపు మాయమై వెలుగు మాత్రమే మిగులుతుంది. దూరపు వస్తువుల్లో నలుపు పలచన అవుతుంది. గోల్కొండ కోట పైనుంచి ఊరిని చూస్తే ఇది తెలుస్తుంది. అందుకే దూరాన నిలబెట్టిన మనిషిని కర్వ్స్‌తో కొంచెం మసకబార్చాలి. సమతలమైన నేల మీద ఒకే ఎత్తు మనుషులు నిలబడితే, దిగంతరేఖ అందరి ఒంటినీ ఒకే చోట తాకుతూ వెళ్తుంది. మీరు కొత్తగా చేర్చిన మనిషికి అది భుజం దగ్గరా, మిగతావాళ్లకు నడుం దగ్గరా వస్తే చూసేవాళ్ల కన్ను పట్టేస్తుంది, కారణం చెప్పలేకపోయినా.

ఫొటోషాప్‌కు నెలవారీ చందా కట్టాలి. నేర్చుకునే దశలో ఆ ఖర్చు తప్పనిసరి కాదు. గింప్, క్రిటా ఉచితం, ఫొటోపీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. లేయర్, మాస్క్, బ్లెండింగ్ అన్నింటిలోనూ ఉన్నాయి. దొంగ కాపీల జోలికి మాత్రం పోకండి.

ఫొటోషాప్ పుట్టుకే ఈ వృత్తితో ముడిపడి ఉంది. 1987లో మిషిగన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న థామస్ నాల్ ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తే, 'స్టార్ వార్స్' ఎఫెక్ట్స్ చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో పనిచేస్తున్న తమ్ముడు జాన్ దాన్ని పెంచి పెద్ద చేయించాడు. 1990లో మొదటి వెర్షన్ వచ్చింది.

ఉద్యోగాల విషయానికొస్తే, మన ఊళ్లలో ఈ పనికి మొదటి గిరాకీ పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, నగల ప్రకటనలు, ఆన్‌లైన్ దుకాణాల ఫొటోలు. వీటిని చిన్నచూపు చూడకండి, చేతి వేగం అక్కడే వస్తుంది. సినిమా వైపు వెళ్లాలంటే రోటో (ఫ్రేము ఫ్రేముకూ కత్తిరించడం), పెయింట్ (అక్కరలేనివి తుడిచేయడం), మ్యాట్ పెయింటింగ్ (బ్యాక్‌గ్రౌండ్ గీయడం), కంపోజిటింగ్ (అన్నింటినీ ఒకే షాట్‌లో కలపడం) అన్న విభాగాలుంటాయి. సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాట్‌లో నటుడి నడుముకు కట్టిన తీగ తీసేయాలంటే 120 ఫ్రేముల్లోనూ తీయాలి, ఒక్కదాంట్లో అంచు అదిరినా తెర మీద కనిపిస్తుంది. అక్కడ న్యూక్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్లు వాడతారు కానీ, మీరు ఒక్క ఫొటో మీద నేర్చుకున్న మాస్కూ నీడా అక్కడా పనికొస్తాయి. 'మగధీర', 'ఈగ', 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్' నాలుగూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు తెచ్చుకున్నాయి. తెలుగు సినిమా ఈ పని విలువ ఎరిగింది.

ఏఐ గురించి పిల్లలు భయంగా అడుగుతున్నారు. 2023లో ఫొటోషాప్‌లోకి జెనరేటివ్ ఫిల్ అనే ఏఐ పనిముట్టు వచ్చాక, గంట పట్టే బ్యాక్‌గ్రౌండ్ నిమిషంలో అయిపోతోంది. కటింగ్ ఒక్కటే తెలిసినవాళ్లకు ఇది కష్టకాలమే, దాచి లాభం లేదు. అయితే ఏఐ ఇచ్చిన బొమ్మలో నీడ తప్పుగా పడింది, వేళ్లు కలిసిపోయాయి అని పట్టుకుని సరిచేసే మనిషి కావాలి. గుడ్డు ముందు కూర్చుని ఫొటోలు తీసినవాళ్లు ఆ మనిషి కాగలరు.

డిగ్రీ కావాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కు యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో చేరేముందు గోడ మీది ప్లేస్‌మెంట్ బోర్డును పక్కన పెట్టి, పాత విద్యార్థులు చేసిన పని చూపించమనండి. చూపించడానికి తటపటాయిస్తే ఫీజు కట్టకండి.

ఒక విషయంలో నేను రాజీపడను. పరిచయమున్న అమ్మాయి ఫొటోను ఆమెకు తెలియకుండా మార్చడం సరదా కాదు. అసభ్యంగా మార్ఫింగ్ చేసి పంపితే ఐటీ చట్టం కింద జైలుశిక్ష పడుతుంది. సాధన అంతా మీరు తీసిన ఫొటోలతో, ఎదుటివాళ్ల అనుమతితో చేయండి.

పోర్ట్‌ఫోలియోలో యాభై బొమ్మలు వద్దు, ఎనిమిది చాలు. ప్రతిదాని పక్కన అసలు ఫొటో పెట్టండి. ఇంటర్వ్యూలో బొమ్మ చూశాక "ఫైల్ తెరువు" అంటారు. లేయర్లన్నీ ఒక్కటిగా కలిపేసి ఉంటే, "ఈ నీడ కొంచెం తగ్గించు" అన్న చిన్న మాటకే మళ్లీ మొదటినుంచి చేయాల్సి వస్తుంది. ప్రతి లేయర్‌కూ పేరు పెట్టుకోండి, 'పాదాల నీడ', 'మంట వెలుగు, ఎడమ భుజం' అని.