ఎడ్మంటన్ కోట పూర్వచరిత్ర

కెనడా పశ్చిమ మైదానమున, ఉత్తర సస్కాచివాన్ నదీతీరమున, 1795లో హడ్సన్ బే కంపెనీవారు ఎడ్మంటన్ హౌస్ అను వర్తకస్థానమును నెలకొల్పిరి. పోటీదార్లయిన నార్త్‌వెస్ట్ కంపెనీవారి కోట పొరుగుననే యుండెను.

అచ్చటి ముఖ్యమైన సరకు బీవరు చర్మము. ఏళ్లకు అడ్డుకట్టలు కట్టుకొని బ్రదుకు జంతువు బీవరు. దాని మెత్తని బొచ్చుతో ఐరోపాలో టోపీలు చేసెడివారు. తుపాకులు, కంబళ్లు, వంటపాత్రలు, వీని వెలలన్నియు చర్మముల లెక్కనే నడిచెడివి. క్రీ మొదలగు జాతులవారు చర్మములు తేకున్న బేరమే లేదు; బైసను మాంసము నెండబెట్టి దంచి క్రొవ్వు కలిపిన పెమికన్ లేకున్న పడవవాండ్రకు దారిబత్తెమే లేదు. అయినను పుస్తకములలో వర్తకుల పేర్లే ముందు కానవచ్చును. ఇది మాకు న్యాయముగ తోచదు.

1821లో కంపెనీలు రెండును ఏకమయ్యెను. కోట పలుమార్లు చోటు మారి, వరదల బాధచే 1830లో మెట్టకెక్కెను. 1915లో దానిని కూల్చిరి. ఎడ్మంటన్ అనునది నాడు లండను చెంతనుండిన యూరి పేరు. క్రీ భాషలో మాత్రము ఆ నగరమునకు నేటికిని 'బీవరుకొండల యిల్లు' అను అర్థమిచ్చు పేరే కలదు.