చిన్న యంగడికి వెబ్సైటు

మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పలువుర యిండ్లలో తల్లులు లేసు అల్లుదురు. మధ్యాహ్నము వంటపని ముగిసిన పిమ్మట అరుగుపై కూర్చుండి, కొక్కెపు సూదితో నూలుదారమును మెలివైచుచు, బల్లపై పఱచు గుడ్డలను, దిండుగలీబులను అల్లుట యీ నరసాపుర ప్రాంతమున అందఱెఱిగిన దృశ్యము. ఈ విద్య పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీల మూలమున ఇచటికి వచ్చి, మన స్త్రీల చేతిలో మన విద్యయే యైనది. 2024వ సంవత్సరమున దీనికి భౌగోళిక సూచిక యను గుర్తింపు లభించినది. అయినను అల్లినవారికి దక్కు కూలి స్వల్పమే. ఏజెంటును, వర్తకుడును, ఎగుమతిదారును తమ తమ పాలు తీసికొనగా మిగిలినది వారికి చేరుచున్నది. కావున కొనువారికి తామే నేరుగా అమ్ముకొందమని తలచు కుటుంబములు గలవు. అట్టివారికి వెబ్సైటు ఎట్లుపయోగించునో, ఎచ్చట మోసపుచ్చునో యీ వ్యాసమున చెప్పదలచితిమి. లేసు నుదాహరణముగా గైకొంటిమి గాని, పచ్చళ్లు పట్టువారికిని దర్జీలకును ఇందలి సంగతులు చెల్లును.

వెబ్ అను ఏర్పాటును టిమ్ బెర్నర్స్-లీ యను ఆంగ్లేయుడు 1989లో సెర్న్ అను పరిశోధనాలయమున ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30వ తేదిని ఆ సంస్థ దానిని ఎల్లరును రుసుము లేక వాడుకొనవచ్చునని ప్రకటించెను. అందుచేతనే గొప్ప కంపెనీకి గల పుటవంటి పుట అరుగుమీది యంగడికిని ఉండగలదు. ఆ పుట యొక్క చిరునామాను డొమైను అందురు. ఇది ఒకసారి కొని దాచుకొను సొత్తు కాదు. గడువు తీఱకమునుపే రుసుము చెల్లించి నిలుపుకొనవలసిన కౌలువంటిది.

ఈ కౌలు ఎవరి పేర నున్నదనునది మొదట చూడవలసిన విషయము. మేమెఱిగిన యొక కుటుంబమువారు పట్టణములోని యొకనికి సొమ్మిచ్చి వెబ్సైటు చేయించుకొనిరి. పుట అందముగానే యుండెను. కాని యతడు డొమైనును తన పేరనే వ్రాయించుకొని, సంకేతపదమును తనయొద్దనే యుంచుకొనెను. రెండవయేట వేఱు పనిలో ప్రవేశించి ఫోను తీయుట మానెను. గడువు దాటెను, చిరునామా పోయెను. చీట్లపైనను సంచులపైనను అచ్చొత్తించిన పేరు వ్యర్థమయ్యెను. తప్పంతయు అతనిదే యనజాలము. పుట చేయించుటకు ముందు వారు మమ్ము సలహా యడిగిరి. రంగులను గూర్చి చాలసేపు మాటలాడితిమి గాని, పేరు ఎవరిదని మేమును అడుగమైతిమి.

ఇక పుటలో నేమి యుండవలెను? చూచువారిలో పెక్కుమంది సెల్‌ఫోనుననే చూతురు. ఫోనుతో తీసిన ఛాయాచిత్రము ఒక్కొక్కటి కొన్ని మెగాబైట్లుండును; దానినట్లే పెట్టినచో పుట తెఱచుకొనుటకు ఆలస్యమై, వచ్చినవాడు వెడలిపోవును. అదే చిత్రమును కుదించి రెండువందల కిలోబైట్లకు తెచ్చినను లేసు కన్నులు, ముడులు చక్కగానే కనబడును. మఱియొక లోపము మనవారిలో మిక్కిలి హెచ్చు. ధర, చిరునామా, ఫోను నంబరు సమస్తమును కరపత్రమువలె ఒకే బొమ్మగా చేయించి దానినే పుటపై అంటింతురు. బొమ్మలోని యక్షరములను వెదకు యంత్రము సరిగా చదువునను నమ్మకము లేదు. చూపులేనివారికి పుటను చదివి వినిపించు సాధనమునకును అవి తఱచుగా అందవు. తెలుగు మాటలను యూనికోడు లిపిలో టైపు చేయవలెను. అచ్చుపనికై పూర్వపు ఫాంటులలో కూర్చిన దానిని తెచ్చి యతికించినచో, తెలుగు పోయి అర్థములేని గుర్తులు మిగులును.

ఊరి పేరును పూర్తిగా వ్రాయుట చిన్న సంగతివలె తోచును గాని చిన్నది కాదు. మెదక్ జిల్లాలోను ఒక నర్సాపూర్ గలదు. మన యూరినే నరసాపురమనియు, నర్సాపురమనియు, నర్సాపూర్ అనియు పలువిధముల వ్రాయుచున్నారు. కావున పశ్చిమ గోదావరి జిల్లా యని స్పష్టముగా నుండవలెను. గూగుల్ పటమున అంగడిని నమోదు చేయుటకు రుసుము లేదు. ఎవరైన అందులకు సొమ్మడిగినచో అది వారి శ్రమకు కూలి యే గాని గూగుల్‌కు చెల్లునది కాదు.

కొలతలను సెంటీమీటర్లలోను అంగుళములలోను తెలుపుడు. ధరతోబాటు తపాలా ఖర్చును, సరకు తిరిగి యిచ్చు నియమమును ముందే తెలుపుడు. వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2020లో వచ్చిన ఈ-వాణిజ్య నియమములును ఇట్టి వివరములను కోరుచున్నవి. అమ్మువాడే కొనువానివలె నటించి తన సరకును పొగడుకొనుటను అవి నిషేధించుచున్నవి. బంధువులచేత పొగడించుకొనుట మన యూళ్లలో వినోదముగా సాగుచున్నది, మాకది నచ్చదు.

ప్రకటనలను గూర్చి తొందర వలదు. అంతర్జాలమున పెక్కు ప్రకటనలపై ఎవడైన నొక్కిన ప్రతిసారియు అంగడివారు సొమ్ము చెల్లింతురు. అతడు కొన్నను కొనకున్నను ఒకటే. అంతకంటె పెద్ద చిక్కు లేసుకు గలదు. పెద్ద బల్లగుడ్డ ఒక్క మనిషి చేతిమీదుగా పూర్తియగుటకు వారములు పట్టును. ప్రకటన ఫలించి ఒక్కవారమున నలుబది మంది కోరినచో ఏమి చేయుదురు? అల్లువారిని రాత్రులు మేలుకొలిపి కన్నులు చెఱచుటయో, యంత్రపు లేసు తెచ్చి చేతిపని యని పంపుటయో జరుగును. రెండవది మొదట సులభముగా తోచును. అందువలన నెలకు ఎన్ని గుడ్డలు సిద్ధము కాగలవో పుటపైననే వ్రాసి, తక్కినవారికి వరుస సంఖ్య నిచ్చుట మేలు. ఎవరు అల్లిరో, ఎన్ని దినములు పట్టెనో తెలిసినచో పలువురు ఓపికతో వేచియుందురు. అల్లినవారి పేరును చిత్రమును వారి సమ్మతి లేక వేయరాదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

పైని చెప్పిన కుటుంబమువారు మఱియొక డొమైనును ఈసారి తల్లి పేరనే తీసికొనిరి. సంకేతపదము ఆమె లెక్కల పుస్తకములో నున్నది. రుసుము గడువు తేదిని వంటయింటి గోడ కేలెండరుపై ఎఱ్ఱ సిరాతో చుట్టిపెట్టిరి.