కనబడని గాయము: ప్లీహమునకు తగిలే దెబ్బ



లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని సంగతి మనకందరికీ తెలిసినదే. అతడు గాయములు కట్టి అంతటితో వెళ్లిపోలేదు. ఆ మనుష్యుని సత్రమునకు చేర్చి, తరువాతి ఖర్చు కూడా తన మీద వేసుకొన్నాడు. ఈ పాఠములో పైకి గాయమే కనబడని ఒక దెబ్బను గూర్చి నేర్చుకొందము.

ప్లీహము కడుపులో ఎడమ వైపు, క్రింది పక్కటెముకల చాటున ఉన్నది. పిడికిలంత ఉండి, రక్తముతో నిండిన మెత్తని అవయవమది. మోటారు సైకిలు మీద నుండి పడినను, సైకిలు హాండిలు పిల్లవాని కడుపులో పొడిచినను, చర్మము చెక్కుచెదరకుండానే లోపల ప్లీహము చిట్లవచ్చును. మలేరియా వలన ప్లీహము వాచియున్నవారికి చిన్న దెబ్బ చాలును.

గుర్తులు: ఎడమ పక్కటెముకల క్రింద నొప్పి, కడుపు బిగిసిపోవుట, ముఖము పాలిపోవుట, చల్లని చెమటలు, నాడి వేగముగా కొట్టుకొనుట, కళ్లు తిరుగుట. ఎడమ భుజమునకు దెబ్బ తగలకున్నను అక్కడ నొప్పి పుట్టుట ముఖ్యమైన గుర్తు. కొందరికి ఇవి కొన్ని రోజుల తరువాత కనబడును. కనుక "లేచి నడిచాడు గదా, ఏమీ కాలేదు" అని మనము నిశ్చింతగా ఉండరాదు.

చేయవలసినది: వెంటనే 108కు ఫోను చేసి, మనిషిని కదలకుండా పడుకోబెట్టి దుప్పటి కప్పవలెను. ఆపరేషను అవసరము కావచ్చును గనుక నీళ్లు, కాఫీ ఏదియు త్రాగించరాదు. కడుపు మర్దన చేయరాదు, కాపడము పెట్టరాదు. ఆస్పిరిన్ వంటి మాత్రలు రక్తస్రావమును పెంచును. ప్రార్థన తప్పక చేయుదము. అయితే ప్రార్థన ముగియువరకు బండిని ఆపవద్దు, దారిలోనే చేయుదము.

చికిత్స: స్కానింగులో దెబ్బ తీవ్రత తెలియును. రోగి నిలకడగా ఉన్నయెడల, చాలమందికి ఆపరేషను లేకుండానే ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టి చూచెదరు. రక్తస్రావము ఆగనిచో ఆపరేషను చేసి, అవసరమైతే ప్లీహమును తీసివేయుదురు. అది లేకున్నను మనిషి బ్రతుకును. అయితే న్యూమోనియా, మెదడు పొరల వాపు కలిగించు కొన్ని క్రిములకు టీకాలు వేయించుకొనవలెను. జీవితాంతము, జ్వరము వచ్చిన వెంటనే డాక్టరును చూడవలెను.

సంఘములో చర్చించుటకు:

1. మన సంఘములో రక్తమిచ్చువారి పేర్లు, గ్రూపులు వ్రాసి ఉంచితిమా?

2. రాత్రివేళ ఆపరేషను చేయగల ఆసుపత్రి మనకు దగ్గరలో ఏది?

3. రోగి ఇంటికి వచ్చిన తరువాత, పనికి వెళ్లలేని ఆ వారములలో ఆ కుటుంబము పొయ్యి ఎలా వెలుగును? సమరయుడు సత్రములో ఇచ్చిన సొమ్ము మన వంతు.