స్లాబ్ పోయకముందే సాక్ష్యం దాచుకోండి

కొత్తవలస, పెందుర్తి, ఎస్.కోట వైపు లేఅవుట్లలో ఇళ్లు కట్టుకుంటున్నవారి నుంచి ఈమధ్య వరుసగా ఒకే తరహా ఫిర్యాదు వస్తోంది. స్లాబ్ పోసిన కొద్ది నెలలకే పగుళ్లు, వానాకాలం రాగానే కారుపు, గోడ గీకితే రాలే గచ్చు. వాడింది ఏమిటని అడిగితే ‘రోబో శాండ్ అండీ’ అంటారు. బిల్లు అడిగితే మాత్రం చీటీ ముక్క చూపిస్తారు. తాజాగా చేతిలో ఉన్న ఫైలులో మొత్తం ఆధారం అలాంటి అర కాగితమే. దాని మీద పెన్నుతో ‘డస్ట్ 4 లోడ్లు’, కింద రూపాయల లెక్క, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. అమ్మినవారి పేరు, తేదీ, బండి నంబరు లేవు. లక్షలు పోసి కట్టుకున్న ఇంటికి మిగిలిన సాక్ష్యం ఇంతే అయితే, ఎంత న్యాయమైన కేసైనా నిలబెట్టడం కష్టం. అందుకే ఇల్లు మొదలుపెట్టినవారికి ముందే చెబుతున్నాను: ఇసుక విషయంలో సాక్ష్యం స్లాబ్ పోసిన రోజే పూడిపోతుంది. దాన్ని అంతకుముందే దాచుకోవాలి.

ముందుగా ఒక అపోహ తొలగాలి. క్రషర్ వ్యర్థం నుంచి ఇసుక తయారుచేయడం తప్పు కాదు, పైగా మంచి పని. నదుల్లో అడ్డూ అదుపూ లేని తవ్వకాలను చూసే సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో చిన్న ఖనిజాల లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. మన వంశధార, నాగావళి మీద భారం తగ్గాలంటే రాతి ఇసుక రావాల్సిందే. 2024 జూలై 8 నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమన్నా లోడింగు, రవాణా ఖర్చులు తప్పవు కాబట్టి, దగ్గరలోని క్రషర్ వైపు జనం చూడటం సహజం. కానీ పిక్క కొట్టగా కింద రాలిన బుగ్గి, అంటే డస్ట్ వేరు, రోబో శాండ్ అని పిలిచే ఎం-శాండ్ వేరు. ఎం-శాండ్ కోసం రాయిని వి.ఎస్.ఐ. అనే ఇసుక యంత్రంలో మళ్లీ కొట్టి గింజ పలకలుగా కాకుండా చూస్తారు, జల్లెడ పడతారు, కడిగి గానీ గాలితో గానీ మెత్తని పొడిని తీసేస్తారు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 383, 2016 సవరణ ప్రకారం రాతి ఇసుకలో 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడి బరువులో 15 శాతం మించకూడదు. నది ఇసుకకైతే ఆ హద్దు 3 శాతమే. పొడి ఎక్కువైతే కాంక్రీటు నీళ్లు ఎక్కువ తాగుతుంది, బలం తగ్గుతుంది, ఆరేటప్పుడు పగులుతుంది. తూర్పు కనుమల్లో చార్నొకైట్‌తో పాటు ఖోండలైట్ రాయి ఎక్కువ. ఖోండలైట్ శిథిలమైతే బంకమన్నుగా మారుతుంది. పైపొర మన్ను తీయకుండా క్రషర్‌లో వేస్తే ఆ మన్నంతా బుగ్గిలో కలుస్తుంది. కంటితో చూస్తే అది కూడా బూడిద రంగు ఇసుకలాగే ఉంటుంది.

ఇప్పుడు చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘లోపం’ అంటే ఏమిటో స్పష్టంగా చెప్పింది: చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మేవాడు చెప్పుకొన్న ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యత లేకపోవడం. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. కొనేవాడు తన అవసరం చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలని 16వ సెక్షన్ అంటుంది. ఈ మూడింటికీ మూలం ఒక్కటే: ఏమని చెప్పి అమ్మారు? చీటీ మీద ‘డస్ట్’ అని ఉంటే ఎదుటి పక్షం న్యాయవాది లేచి, డస్ట్ అడిగారు, డస్టే ఇచ్చాం, ఇందులో లోపం ఏముందని అడుగుతాడు. దానికి జవాబు కాగితం మీద ఉండాలి. ‘కాంక్రీటు పనికి ఎం-శాండ్, ఐ.ఎస్. 383 ప్రకారం’ అన్న ఒక్క వాక్యం బిల్లు మీద ఉంటే వర్ణన, అవసరం, ప్రమాణం మూడూ ఒకేసారి రుజువవుతాయి. నోటితో చెప్పారన్నది కోర్టులో నిలవడం కష్టం. కాగితం మీద రాయించుకోండి, అదీ స్లాబ్ పోయకముందే.

బిల్లు ఉన్నా సరిపోదు, శాంపిల్ కావాలి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే, జిల్లా వినియోగదారుల కమిషన్ ఫిర్యాదుదారు దగ్గర్నుంచి శాంపిల్ తీసుకొని, సీలు వేసి లేబొరేటరీకి పంపాలని 2019 చట్టం 38వ సెక్షన్ చెబుతోంది. ఇసుకంతా స్లాబ్‌లో కలిసిపోయాక మీరేం ఇస్తారు? కోర్ తీసి పరీక్షిస్తే కాంక్రీటు బలహీనమని తేలుతుంది. కానీ తప్పు ఇసుకదా, సిమెంటుదా, మేస్త్రి ఎక్కువ పోసిన నీళ్లదా, తడపకపోవడానిదా అన్నది తేల్చడం చాలా కష్టం. ఆ సందేహం చాటునే అమ్మినవాడు తప్పించుకుంటాడు. కాబట్టి బండి దిగిన రోజే కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి తీసి, కలిపి, రెండు శుభ్రమైన సంచుల్లో పది కిలోల చొప్పున కట్టండి. మీతోపాటు మేస్త్రి, డ్రైవరు, పక్కింటివారు సంతకాలు చేసిన చీటీ ఒక్కోదానికి కట్టి సీలు వేయండి. బండి నంబరు కనబడేలా ఫోటో తీయండి. ఫోన్లోని ఫోటో కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి కాబట్టి, ఆ ఫోటో ఉన్న ఫోను అమ్మేయకండి, పోగొట్టుకోకండి. ఇదంతా చాదస్తంలా కనిపించవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే మాత్రం ఏ న్యాయవాదీ ఏమీ చేయలేడు.

బిల్లు అడిగితే రేటు పెరుగుతుందని, తెలిసినవాళ్లతో కాగితాలెందుకని చాలామంది వాదిస్తారు. పన్ను మిగిలిందని సంతోషించేవారు, అదే మొత్తంతో తమ హక్కును కూడా వదులుకున్నామని గుర్తించడం లేదు. తెలిసినవాడే అయితే రాసివ్వడానికి జంకెందుకు? బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతిగా నేరుగా పేర్కొంది. అంటే బిల్లు అడగడం మీ హక్కు, ఇవ్వకపోవడం అతని తప్పు. బండి వెంట రవాణా పర్మిట్ ఉందో లేదో కూడా చూసి ఫోటో తీసుకోండి. సరుకు ఏ క్రషర్ నుంచి వచ్చిందో చెప్పే కాగితం అదే. అది లేని బండిని గనుల చట్టం 21వ సెక్షన్ కింద పట్టుకుంటే, ఆ రోజు పని ఆగేది మీ ఇంటి దగ్గరే.

అధికారుల తీరు గురించి కూడా చెప్పాలి. గనుల శాఖ రాయల్టీ చూస్తుంది, కాలుష్య నియంత్రణ మండలి గాల్లో లేచే దుమ్ము చూస్తుంది, పంచాయతీ ప్లాను చూస్తుంది. స్లాబ్‌లోకి వెళ్లే ఇసుకను చూసేవారు లేరు. అర్జీ పెట్టినవాడిని ఒక్కో ఆఫీసు ఇంకో ఆఫీసుకు తిప్పడం సిగ్గుచేటు. అయితే దారి లేకపోలేదు. వినియోగదారుల వర్గానికి నష్టం చేసే అనుచిత వ్యాపారంపై ఫిర్యాదును నేరుగా కలెక్టరుకు పంపవచ్చని 2019 వినియోగదారుల చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఒకే క్రషర్ సరుకుతో పది ఇళ్లు పాడైతే పదిమందీ కలిసి రాయండి. ఆ క్రషర్‌కు ఇచ్చిన అనుమతిలో ఇసుక తయారీ ఉందా, రాతి పిక్క మాత్రమేనా అని సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఇసుక యంత్రమే లేని చోట నుంచి ‘ఎం-శాండ్’ వచ్చిందని తేలితే మీ కేసుకు అంతకన్నా బలం లేదు.

కేసు వేసేటప్పుడు అమ్మిన వ్యాపారి, క్రషర్, మెటీరియల్‌తో సహా కాంట్రాక్టు తీసుకున్న మేస్త్రి, ముగ్గురినీ చేర్చండి. ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం అప్పుడే ఆగుతుంది. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాడే బాధ్యుడని అదే చట్టం 86వ సెక్షన్ చెబుతోంది. ఇసుక ఖరీదు కొద్దిపాటిదే కదా, ఏం వస్తుందిలే అనుకోకండి. లోపమున్న సరుకు వల్ల వేరే ఆస్తికి, అంటే మీ స్లాబుకు, జరిగిన నష్టానికీ పరిహారం అడగవచ్చు. సరుకుకు చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్లో ఫీజే లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు కాబట్టి, కొత్తవలస వారికి విజయనగరమే చాలు. గడువు రెండేళ్లు. పగులు కనిపించిన రోజు నుంచి అని మనం వాదిస్తాం, సరుకు దిగిన రోజు నుంచి అని వాళ్లు వాదిస్తారు. అందుకే బిల్లు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

ఇల్లు జీవితంలో ఒక్కసారి కడతాం. దానికి చట్టం ఇచ్చిన రక్షణ బలమైనదే, కానీ అది అడిగేది రెండే: సరుకు పేరు రాసిన బిల్లు, సీలు వేసిన సంచి. ఈ రెండూ చేతిలో లేకుండా కాంక్రీటు కలపనివ్వకండి. మేస్త్రి తొందరపెట్టినా, లోడు ఆలస్యమైనా, అమ్మేవాడు అలిగినా, అవి వచ్చేదాకా పని ఆపండి.