తొణకని నడక

ఉద్దేశం

గుఱ్ఱపు నడకలోని శాస్త్రరహస్యాన్ని, ఆ నడక గల ఒక జాతిని కాపాడుకోవడానికి ఒక చిన్న దేశప్రజలు పాటిస్తున్న కఠిన నియమాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మన పూర్వులు అశ్వాన్ని వేగంతో మాత్రమే అంచనా వేయలేదు; దాని నడకతీరును కూడా నిశితంగా పరిశీలించారు. అమరకోశం గుఱ్ఱపు గతులను ‘ధారలు’ అని పేర్కొని ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదుగా విభజించింది. మనుమంచిభట్టు అశ్వశాస్త్రాన్ని తెలుగులో పద్యకావ్యంగా రచించాడు. ఆ ధారలూ ఈ గతులూ ఒకటి కాకపోయినా, అయిదు నడకలు నడవగల అశ్వజాతి ఒకటి ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఐస్‌లాండ్ ద్వీపంలో నేటికీ ఉంది.

ఐస్‌లాండ్ గుఱ్ఱం పొట్టిది. మూపు దగ్గర దాని ఎత్తు సుమారు 140 సెంటీమీటర్లు. సాధారణంగా గుఱ్ఱాలకు నడక, ట్రాట్ అనే కుదుపు పరుగు, దౌడు అనే మూడు గతులుంటాయి. ఈ జాతిలో వీటికి తోడు ‘టోల్ట్’, ‘స్కేద్’ అనే మరి రెండు గతులు కనిపిస్తాయి.

ట్రాట్‌లో ఎదురుబొదురు మూలల కాళ్ళు జంటగా నేలను తాకుతాయి. ఒక జంటకూ మరొక జంటకూ నడుమ గుఱ్ఱం క్షణకాలం గాలిలో తేలుతుంది. అందువల్లనే అశ్వారూఢుడు ఎగిరెగిరి పడతాడు. టోల్ట్‌లో ఎడమ వెనుక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనుక కాలు, కుడి ముందు కాలు వరుసగా, వేర్వేరుగా పడతాయి. ఏ క్షణంలోనైనా ఒక కాలైనా నేలపై ఉంటుంది. కాబట్టి గుఱ్ఱపు వీపు పెద్దగా ఎగసిపడదు. మామూలు నడకలోనూ పాదాల వరుస ఇదే. కాని టోల్ట్‌లో వేగాన్ని దౌడుకు దీటుగా పెంచవచ్చు. నిండుకుండ తొణకదని మన సామెత. ఐస్‌లాండ్ రౌతులు నిండు పాత్రను చేతబట్టి, చుక్క తొణకకుండా గుఱ్ఱాన్ని నడిపి చూపుతారు.

స్కేద్ పందెపు నడక. ఇందులో ఒకే పక్కనున్న రెండు కాళ్ళూ కలిసి కదులుతాయి. కొద్ది దూరం మాత్రమే సాగే ఈ పరుగులో వేగం గంటకు 48 కిలోమీటర్ల దాకా చేరుతుంది. అన్ని గుఱ్ఱాలకూ ఈ గతి అబ్బదు.

ఈ నేర్పు శిక్షణ వల్ల మెరుగుపడుతుందే తప్ప శిక్షణతో పుట్టినది కాదు. వెన్నుపాములోని నాడీకణాలు కాళ్ళ కదలికను సమన్వయపరుస్తాయి. ఆ కణాల పనికి సంబంధించిన ‘డి.ఎం.ఆర్.టి.3’ అనే జన్యువులో కలిగిన మార్పే ఇందుకు ముఖ్యకారణమని 2012లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. స్కేద్ నడిచే గుఱ్ఱాలు దాదాపు అన్నీ ఆ మార్పును తల్లి నుండీ తండ్రి నుండీ కూడా పొందినవే.

క్రీ.శ. 9వ శతాబ్ది చివర నార్వే తదితర ప్రాంతాల వలసదారులు ఓడలలో ఈ గుఱ్ఱాలను ద్వీపానికి తెచ్చారు. రహదారులు లేని ఆ దేశంలో లావా మైదానాలు, నదులు దాటడానికి శతాబ్దాల పాటు గుఱ్ఱమే ఆధారం. దినమంతా జీనుపై గడిపేవారికి కుదుపులేని నడక విలాసం కాదు, అవసరం. యూరప్ ప్రధాన భూభాగంలో మంచి రహదారులు, బండ్లు పెరిగిన కొద్దీ బండి లాగే ట్రాట్ గుఱ్ఱాలకు ఆదరణ హెచ్చి, ఇటువంటి నడకలు అరుదైపోయాయి.

982లోనే ఐస్‌లాండ్ శాసనసభ గుఱ్ఱాల దిగుమతిని నిషేధించిందని ప్రసిద్ధి. ఆ నిషేధం నేటికీ అమలులో ఉంది. పోటీకి విదేశం వెళ్ళిన గుఱ్ఱం విజేతగా నిలిచినా సరే, స్వదేశానికి తిరిగి రాకూడదు. రౌతు ఒక్కడే ఇల్లు చేరుతాడు. వాడిన జీనును సైతం ద్వీపంలోకి అనుమతించరు.

ఇది నిర్దయగా తోచవచ్చు. కాని శతాబ్దాల ఏకాంతం వల్ల ఈ గుఱ్ఱాలకు బయటి వ్యాధులను తట్టుకునే శక్తి కొరవడింది. 2010లో శ్వాసకోశవ్యాధి ఒకటి ద్వీపమంతటా గుఱ్ఱాలకు వ్యాపించగా, ఆ ఏటి జాతీయ అశ్వోత్సవం 2011కు వాయిదా పడింది. విదేశాలకు వెళ్ళిన గుఱ్ఱాలలో చాలావాటికి, ద్వీపంలో లేని చిన్న కీటకాల కాటువల్ల చర్మవ్యాధి కలుగుతుంది. ఏ ఏకాంతం ఈ జాతిని స్వచ్ఛంగా నిలిపిందో, ఆ ఏకాంతమే దానిని దుర్బలం చేసింది. ఒక్క గుఱ్ఱంపై మమకారాన్ని వదులుకుని జాతినంతటినీ కాపాడుకోవడం ఆ ప్రజలు ఎంచుకున్న మార్గం. పరిరక్షణ అనే మాట వెనుక ఎంతటి త్యాగం ఉంటుందో ఆ రౌతు ఒంటరి పయనం తెలుపుతుంది.

పదపరిచయం

అశ్వారూఢుడు = గుఱ్ఱమెక్కినవాడు (అశ్వ + ఆరూఢుడు : సవర్ణదీర్ఘసంధి)
రౌతు = గుఱ్ఱపు స్వారీ చేసేవాడు
మూపు = భుజంపై భాగం
దుర్బలం = బలం లేనిది

ప్రశ్నలు

1. ట్రాట్, టోల్ట్ గతుల భేదాన్ని వివరించండి.
2. ఐస్‌లాండ్ ప్రజలకు కుదుపులేని నడక ఎందుకు అవసరమైంది?
3. ‘ఏకాంతమే దానిని దుర్బలం చేసింది’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
4. విదేశం వెళ్ళిన గుఱ్ఱం తిరిగి రాకూడదన్న నియమం న్యాయమైనదేనా? మీ అభిప్రాయం రాయండి.