పనికి పిలవండి, సాక్ష్యానికి వద్దు
ఏఐ వాడే రచయితలకు చేయవలసినవి, చేయకూడనివి

2025 మే 18, ఆదివారం. చికాగో సన్-టైమ్స్ పత్రికతో పాటు వేసవి ప్రత్యేక అనుబంధం కూడా పాఠకుల ఇళ్లకు చేరింది. అందులో వేసవిలో చదవాల్సిన 15 పుస్తకాల జాబితా ఒకటి ఉంది. రచయితల పేర్లన్నీ నిజమైనవే, పేరు మోసినవే. పుస్తకాల్లో మాత్రం పది అసలు పుట్టనే లేదు. ఇసబెల్ అయెండే రాయని నవలకు పేరు పెట్టి, కథా సారాంశం కూడా అచ్చేశారు. ఆ పేజీలు తయారుచేసింది పత్రిక సిబ్బంది కాదు, బయటి సిండికేటు కోసం పనిచేసిన ఒక ఫ్రీలాన్సర్. ఏఐని అడిగానని, అది ఇచ్చింది సరిచూసుకోలేదని ఆయనే ఒప్పుకున్నాడు. కొన్న పత్రికా చూడలేదు. అదే అనుబంధం ఫిలడెల్ఫియా ఇంక్వైరర్‌తో పాటు కూడా వెళ్లింది.

అచ్చుతప్పయితే ప్రూఫు చూసేవాడి కంటికి తగులుతుంది. ఇలాంటి తప్పు తగలదు. రచయిత పేరు సరిగ్గా ఉంది, కథ ఆ రచయిత రాసే తరహాలోనే ఉంది, వాక్యం నున్నగా ఉంది. ఏఐ పనితీరే అంత. ఇప్పటిదాకా వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశముందో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది. అది నిజమా కాదా అన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. కొన్ని పరికరాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి లింకులు కూడా ఇస్తున్నాయి. మంచిదే. కానీ లింకు తెరిచి చూస్తే అక్కడ ఉన్నదొకటి, ఇది చెప్పిందొకటి కావచ్చు.

అలాగని దీన్ని వద్దనడం నా ఉద్దేశం కాదు. రాత మీద బతికేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. ఏ పనికి అన్నదే తేలాలి.

చేయకూడనివి

తేదీ, అంకె, ఉల్లేఖన, పుస్తకం పేరు, తీర్పు పేరు: ఈ ఐదింటినీ ఏఐ నోటి నుంచి నేరుగా కాపీలోకి దించకండి. తెలుగులో ఈ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. ఇంగ్లీషుతో పోలిస్తే ఇంటర్నెట్‌లో తెలుగు పాఠం చాలా తక్కువ. ఉన్నదాంట్లోనూ పాత పుస్తకాలు ఎక్కువగా స్కాన్ బొమ్మలే. ‘కోపం మీద వేమన పద్యం చెప్పు’ అని అడిగి చూడండి. మకుటం తప్పకుండా వస్తుంది. పైన మూడు పాదాలు వేమనవేనా అన్నది వేరే సంగతి. అనుమానం తీర్చుకోవడానికి ముందు గణాలు వేయండి. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. రెండు, నాలుగు పాదాలకు ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి కుదరాలి. చాలాసార్లు మొదటి పాదంలోనే బండారం బయటపడుతుంది. ఛందస్సు కుదిరినంత మాత్రాన పద్యం వేమనదైపోదు. అచ్చుపుస్తకం తీసి చూడవలసిందే.

అది చెప్పింది నిజమో కాదో మళ్లీ దాన్నే అడగకండి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక విమాన ప్రయాణికుడి కేసులో లాయర్లు వేసిన వాదన పత్రంలో లేని తీర్పులు కనిపించాయి. వాటిని చాట్‌జీపీటీ కల్పించింది. అవి నిజమైన కేసులేనా అని ఆ లాయర్లలో ఒకరు చాట్‌జీపీటీనే అడిగాడు. నిజమైనవేనని, పేరున్న న్యాయ డేటాబేసుల్లో దొరుకుతాయని జవాబొచ్చింది. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. ముద్దాయినే సాక్షిగా పిలిస్తే వచ్చే వాంగ్మూలం అలాగే ఉంటుంది.

మీది కాని రహస్యాన్ని చాట్ పెట్టెలో అతికించకండి. ఘోస్ట్ రైటింగ్‌కు ఒప్పుకున్న ఆత్మకథ, పేరు బయటపెట్టనని మాటిచ్చిన మనిషి ఇంటర్వ్యూ, ఇంకా విడుదల కాని సినిమా స్క్రిప్టు, పోక్సో కేసులో బాధిత బాలిక వివరాలు, వీటిలో ఏ ఒక్కటీ మీ సొత్తు కాదు. 2023లో సామ్‌సంగ్ ఉద్యోగులు కంపెనీ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని బయటపడ్డాక, ఆ కంపెనీ అలాంటి పరికరాలను ఆఫీసులో నిషేధించింది. మన మాటలతో మోడల్‌కు శిక్షణ ఇవ్వొచ్చా అన్న మీట చాలా పరికరాల సెట్టింగుల్లో ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఆపేసినంత మాత్రాన మీరు పంపింది ఆ కంపెనీ సర్వర్‌లో లేదని అనుకోకండి. పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు మార్చి పంపడం కాస్త నయం. ఆత్మకథ విషయంలో అదీ చాలదు. జిల్లా పేరు, పదవి, ఏడాది ఉంటే చాలు, మనిషెవరో ఊరంతా చెబుతుంది.

కథ మొత్తం ఇచ్చి ‘భాష సరిచేయి’ అనకండి. దానికి సరైన తెలుగంటే ఒకటే తెలుగు: పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది. శ్రీకాకుళం ముసలమ్మ, పాలమూరు కూలీ, మదనపల్లె బస్సు కండక్టరు, ముగ్గురూ ఒకే టీవీ యాంకర్‌లా మాట్లాడడం మొదలుపెడతారు. కావాలంటే ‘సంభాషణలు ముట్టుకోవద్దు, అక్షరదోషాలు మాత్రం జాబితాగా చూపించు, దిద్దొద్దు’ అని అడగండి. దిద్దుబాటు మీ చేత్తో చేయండి. కొంచెం విసుగే, కానీ యాస నిలుస్తుంది.

ఈ మాట సంపాదకులకు. ఏఐ రాసిందో మనిషి రాశాడో తేల్చే డిటెక్టర్ ఇచ్చిన మార్కు చూసి ఎవరి రచననూ తిప్పికొట్టకండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి పరికరం ఒకటి విడుదల చేసింది. అది ఏఐ రాసిన వాటిలో 26 శాతాన్నే పట్టుకుంది. మనుషులు రాసిన వాటిలో 9 శాతం మీద తప్పుగా ముద్ర వేసింది. జూలైకల్లా దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొన్ని డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాతలని అవి తేల్చాయి. అంటే సాదా మాటల్లో జాగ్రత్తగా రాసేవాడే దొరికిపోతున్నాడు. అనుమానముంటే రచయితకు ఫోన్ చేసి రెండో పేరాలో సంగతి ఎక్కడ దొరికిందని అడగండి. రాసినవాడు చెప్పగలడు.

సంపాదకుల బాధ కూడా అర్థం చేసుకోవలసిందే. అమెరికాలో క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక 2023 ఫిబ్రవరిలో ఏఐ కథల వరద తట్టుకోలేక కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. దెబ్బతిన్నది మొదటి కథ పంపుదామనుకున్న కొత్త రచయితలు.

చేయవలసినవి

మొదటి చిత్తు మీరే రాయండి, ఎంత అధ్వానంగా ఉన్నా. ఆ తర్వాత ఏఐని పిలవండి. మీ చిత్తు దాని ముందు పెట్టి లోపాలు వెతికించుకోవడమే నాకు తెలిసి దీని అత్యుత్తమ ఉపయోగం. ‘ఈ వ్యాసం మొదటిసారి చదివే పాఠకుడికి ఎక్కడ అర్థం కాదు? నా వాదనకు ఎదురు వాదన ఏది? మూడో అధ్యాయంలో పద్దెనిమిదేళ్లున్న పిల్ల ఏడో అధ్యాయానికి ఎన్నేళ్లది కావాలి?’ ఇలా. సీరియల్ రాసేవాళ్లకు ఆ చివరి ప్రశ్న ఒక్కటీ ఎంత మేలు చేస్తుందో చెప్పనక్కర్లేదు. దాని జవాబుల్లో సగం పక్కన పడేయొచ్చు, నష్టం లేదు. అది ఎత్తిచూపిన లోపం తప్పయినా పాఠకుడికి హాని జరగదు. కాపీలోకి దించిన సంగతి తప్పయితేనే జరుగుతుంది.

పొడవైన రాతప్రతిని ముక్కలుగా ఇవ్వండి. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. ఏఐ కూడా తెలుగు మాటను ఇంగ్లీషు మాట కంటే ఎక్కువ ముక్కలుగా కోసుకుని చదువుతుంది. కాబట్టి అది ఒక్కసారిలో చదవగల హద్దు తెలుగులో త్వరగా వచ్చేస్తుంది, ఖర్చూ పెరుగుతుంది. పైగా పెద్ద ఫైలు ఇస్తే మొదలు, చివర బాగానే చెబుతుంది, మధ్యలో ఉన్నదాన్ని వదిలేయొచ్చు. ఒక్కో అధ్యాయం ఇవ్వడం మేలు.

ఇంటర్వ్యూ రికార్డింగును అక్షరాల్లోకి దించే పని దానికి అప్పగించండి. గంటల శ్రమ తగ్గుతుంది. దించాక ఆడియో వింటూ నాలుగు చోట్ల తప్పనిసరిగా ఆగండి: మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు, ‘లేదు’, ‘కాదు’ అన్న చోట్లు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ‘తీసుకున్నాను’కీ ‘తీసుకోలేదు’కీ తేడా ఆఖరి మూడు అక్షరాల్లో ఉంది, మాట్లాడేవాళ్లు సరిగ్గా అక్కడే గొంతు దించుతారు.

అనువాదంలో అయితే అంకెలు విడిగా చూడండి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. యంత్రం వాక్యమంతా చక్కగా తెలుగు చేసి ఇక్కడ ఒక సున్నా మింగేయగలదు. ‘చేయబడింది’, ‘ఇవ్వబడింది’లను ఏరేయడం ఎలాగూ తప్పదు. ప్రతి వ్యాసం చివరా దానంతటదే అతికించే ఆశావాద పేరాను కూడా కొట్టేయండి.

ఒప్పందం చదవండి. 2023లో హాలీవుడ్ రచయితల సంఘం 148 రోజులు సమ్మె చేసి సాధించుకున్న ఒప్పందంలో, ఏఐ వాడమని రచయితను బలవంతపెట్టకూడదని ఉంది. ఏఐ తయారుచేసిన సరుకు రచయిత చేతికిస్తే ఆ సంగతి ముందే చెప్పాలని ఉంది. కంపెనీ ఒప్పుకుంటే రచయిత తన పనిలో దాన్ని వాడుకోవచ్చు. ‘ఈ వెర్షన్ కొంచెం పాలిష్ చేయండి’ అని మీ చేతికో స్క్రిప్టు వస్తే, మొదటి వెర్షన్ ఎవరు రాశారని మీరూ అడగండి. పాలిష్‌కు ఇచ్చే డబ్బులు, రాతకు ఇచ్చే డబ్బులు ఒకటి కావు. ప్రచురణకర్తతో సంతకం పెట్టే ముందు మీ పుస్తకాన్ని ఏఐ శిక్షణకు అమ్ముకునే హక్కు ఎవరి దగ్గరుందో చూసుకోండి. పైరసీ సైట్ల నుంచి పుస్తకాలు దించుకున్నందుకు రచయితలు వేసిన దావాలో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ 2025లో 150 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. ఒక్కో పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. పుస్తకానికి విలువ ఉందని తేలిపోయింది.

ఎక్కడెక్కడ వాడారో రాసి పెట్టుకోండి. పాత చిత్తులు చెరపకండి. కేవలం ఆదేశాలిచ్చి రాయించిన పాఠానికి కాపీరైటు రాదని అమెరికా కాపీరైటు కార్యాలయం 2025 జనవరి నివేదికలో తేల్చి చెప్పింది. మన 1957 చట్టంలో కంప్యూటర్ సృష్టించిన రచనకు, దాన్ని సృష్టింపజేసిన వ్యక్తి రచయిత అని ఒక మాట ఉంది. అది 1994 సవరణలో చేరింది, చాట్‌బాట్లను చూసి రాసింది కాదు. రేపు తగాదా వస్తే, ఏ వాక్యం మీదో చూపడానికి ఆ చిత్తులే ఆధారం. అమెజాన్ కిండిల్‌లో సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లు, పాఠం ఏఐ తయారుచేసిందయితే ఆ సంగతి అమెజాన్‌కు చెప్పాలన్న నిబంధన 2023 సెప్టెంబరు నుంచే ఉంది. చెప్పుకోవడంలో చిన్నతనం లేదు. 2024 జనవరిలో అకుతగావా బహుమతి అందుకున్న జపాన్ రచయిత్రి రియే కుదాన్, తన నవలలో సుమారు 5 శాతం చాట్‌జీపీటీ వాక్యాలని తానే చెప్పింది. ఆ కథలో ఏఐ ఉంది, దాని జవాబులకు ఏఐని వాడింది. ఎందుకు వాడిందో చెప్పగలిగింది.

ఇంత చూసుకున్నా ఒక తప్పు అచ్చయిపోతుంది. అప్పుడు సవరణ ఆ తప్పు వచ్చిన పేజీలోనే వేయించండి. సీనెట్ వెబ్‌సైట్ ఏఐతో రాయించిన 77 వ్యాసాలను 2023 జనవరిలో తిరగేసి చూసుకుంటే 41 వ్యాసాలకు సవరణలు వేయవలసి వచ్చింది. అందులో ఒకటి చక్రవడ్డీ లెక్క. మీ సవరణలో ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాయకండి. ఏది తప్పో, ఏది ఒప్పో, సరిచూడకుండా ఎవరు పంపారో రాయండి. బైలైన్‌లో ఉన్న పేరే సవరణ కిందా ఉండాలి.